పండుగకో గోలీ

పోయిన వారం శశికళను గార్లలో పుట్టింటి వాకిట్లో జొన్నలు చెరుగుతుండగా వదిలేశాం. గడప ముందు రిక్షా ఆగింది, అందులోంచి ఆమె అత్తగారు కమలమ్మ దిగబోతోంది. అక్కడ ఆపాం. పాపం, ఆ పెద్దావిడ వారం రోజులుగా ఒక కాలు రిక్షా మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టుకుని నిలబడి ఉంది. ముందు ఆమెను దింపుదాం.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. మానుకోటలో మిర్చి అడ్తి దుకాణం నడిపే రాజేశం కోడలు శశికళ. పెళ్లై ఆరేళ్లు దాటింది, పిల్లల్లేరు. ఆ ఆరేళ్లలో ఆమె ఒళ్లు విపరీతంగా పెరిగింది, నెలసరి దారి తప్పింది. పోయిన దసరా తర్వాత హన్మకొండలో ఒక లేడీ డాక్టరు చెప్పిన మాట పట్టుకుని పుట్టింటికి వచ్చి ఉండిపోయింది. భర్త రఘునాథ్ రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. రెండుసార్లూ "అమ్మ రమ్మంటున్నది" అన్నాడే తప్ప "నేను రమ్మంటున్న" అనలేదు. ఇప్పుడు ఆడబిడ్డ ప్రమీలకు పెళ్లి కుదిరింది. మాఘమాసంలో ముహూర్తం, లగ్నపత్రిక కూడా రాసుకున్నారు. ఇంటి కోడలు లేకుండా పెళ్లి పనులు ఎలా సాగుతాయి? కమలమ్మ అందుకే వచ్చిందని చూసినవాళ్లంతా అనుకున్నారు.

శశికళ తల్లి యశోద మాత్రం వియ్యపురాలి మొహం కన్నా ముందు చేతులు చూసింది. ఉత్త చేతులు. మిఠాయి పొట్లం లేదు, కనీసం అరటిపళ్లు లేవు. వెంట మనిషి కూడా లేదు. కబురు పంపకుండా, తోడు లేకుండా, ఉత్త చేతులతో కమలమ్మ ఒక గడప తొక్కడం యశోదకు తెలిసి ఇదే మొదలు.

"రా వదినె, రా. కాళ్లకు నీళ్లియ్యి శశీ" అంది యశోద.

కమలమ్మ కాళ్లు కడుక్కుంటూనే కోడలిని పైనుంచి కిందికి చూసింది. అడ్తికి వచ్చిన మిర్చి బస్తాలో చెయ్యి పెట్టి తేమ చూసే మనుషుల ఇంట్లో నలభై ఏళ్లు బతికిన చూపది.

"తగ్గినవ్" అంది.

అందులో మెచ్చుకోలు లేదు, దెప్పుడూ లేదు. ఉన్నమాట అంతే.

నిజంగానే తగ్గింది. ఎలా తగ్గిందో తెలియాలంటే ముందు ఎలా పెరిగిందో తెలియాలి. రాజేశం అడ్తికి పంట కాలంలో దూరం నుంచి వ్యాపారులు వస్తారు. వాళ్లు హోటల్లో తినరు, షావుకారు ఇంట్లోనే తింటారు. ఆ ఇంట్లో వంట మడితో జరగాలి. కమలమ్మకు మోకాళ్లు పోయాయి, పొయ్యి ముందు కూర్చోలేదు. కోడలు నెలకు మూడు రోజులు దూరం కూర్చుంటే ఆ మూడు రోజులూ ఇల్లు ఆగిపోతుంది. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లు. కానీ శ్రావణ శుక్రవారం నాడు అలా అయితే ఎలా? దీపావళికి దుకాణంలో లక్ష్మీపూజ నాడైతే? భద్రాద్రి కల్యాణానికి బండి కట్టుకున్నాకైతే? అందుకని పండుగ దగ్గర పడగానే కమలమ్మ దేవుని అర్రలో పటాల వెనక ఉన్న రేకు డబ్బా తీసి, కోడలి చేతిలో ఒక గోలీ పెట్టేది. అది వేసుకున్నన్నాళ్లు నెలసరి రాదు. పూజ అయిపోయాక మానేస్తే వస్తుంది. మన ఇళ్లల్లో పండుగ లేని నెల ఏదో మీరే చెప్పండి.

ఆ గోలీలతో ఒళ్లు పెరిగిందని ఎవరికీ తోచలేదు. కోడలు తిండి ఎక్కువ తింటోందని తోచింది. కమలమ్మ అన్నం తగ్గించింది. పొద్దున నిమ్మకాయ నీళ్లు, మధ్యాహ్నం పిడికెడు మెతుకులు, సాయంత్రం ఉలవకట్టు. శనివారం పస్తు, ఏకాదశి పస్తు. శశికళ పొయ్యి ముందు కూర్చుని పదిమందికి వండిపెట్టి, తాను ఉలవకట్టు తాగి, గోడకు ఆనుకుని నిద్రపోయేది. అయినా జాకెట్లు బిగుతవుతూనే ఉన్నాయి. కమలమ్మ ఒక చేత్తో పెంచింది, ఇంకో చేత్తో తగ్గించాలని చూసింది. రెండూ ప్రేమతోనే చేసింది, అదే గొడవ.

తల్లిని వెంటబెట్టుకుని వెళ్లిన శశికళను హన్మకొండ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నే ఏం గోలీలు వాడుతున్నావని. శశికళ చెప్పింది. ఆవిడ కలం మూసి పక్కన పెట్టింది.

"చూడమ్మా, ఆడవాళ్ల ఒంట్లో హార్మోన్లని ఉంటాయి. ఒకటి పెరుగుతుంటే ఇంకోటి తగ్గుతుంది, మళ్లీ అది పెరుగుతుంది. అలా తిరుగుతూ ఉంటేనే నెల సరిగ్గా వస్తుంది, ఆకలి సరిగ్గా వేస్తుంది, నిద్ర పడుతుంది. నువ్వు బయటి నుంచి గోలీ వేసి ఆ తిరగడాన్ని ఆపుతున్నావు. ఎప్పుడో ఒకసారి అయితే ఒళ్లు ఓర్చుకుంటుంది. నెలనెలా ఆపితే ఎలా?"

శశికళ మందు రాయమంది. రాయనంది డాక్టరమ్మ. గోలీలు మానెయ్యమంది. పస్తులు మానెయ్యమంది. వేళకు కడుపు నిండా తిని, రెండు పూటలా నడిచి, పెందలాడే పడుకోమంది. అంత దూరం రైల్లో వచ్చి ఒక్క సీసా కూడా లేకుండా వెనక్కి పోవడం శశికళకు మోసపోయినట్టు అనిపించింది.

కానీ గార్లలో అదే చేసింది. పొద్దున జొన్న రొట్టె, మెంతికూర పప్పు. మధ్యాహ్నం అన్నం, కూర, మజ్జిగ. నోరు ఆడుతుంటే వేయించిన పల్లీలు, నువ్వులు. ఉలవచారు ఇక్కడా ఉంది, కానీ అన్నంలో పోసుకుని తినడానికి. నడకే కష్టమైంది. కోమట్ల ఆడపిల్ల పొద్దున్నే పనీపాటా లేకుండా రోడ్డు మీద నడవడం గార్ల ఎప్పుడూ చూడలేదు. రెండో రోజుకే ఆరాలు మొదలయ్యాయి. యశోద ఆలోచించి బిడ్డ చేతిలో ఒక ఇత్తడి చెంబు పెట్టింది, పాలకు పోతున్నట్టు ఉంటుందని. శశికళ ఆ ఖాళీ చెంబు పట్టుకుని పాలవాళ్ల ఇళ్లన్నీ దాటి రైల్వే గేటు దాకా పోయి, ఖాళీ చెంబుతోనే వెనక్కి వచ్చేది. శశికళ తండ్రి లక్ష్మీనర్సయ్య ఇంట్లో పాలు బాగా తాగుతారని ఊళ్లో పేరు పడింది.

ముందు నిద్ర వచ్చింది. తర్వాత ఆకలి వేళకు వేయడం మొదలైంది. సంక్రాంతి దగ్గరికి వచ్చేసరికి నెలసరి దారిలో పడింది. లావు అన్నిటికన్నా చివర కదిలింది. కదిలిందని ముందు తెలిసింది శశికళకు కాదు, గాజులమ్మే ఆమెకు. "చెయ్యి సన్నబడ్డది బిడ్డా, పాత గాజులు జారిపోతయి" అందామె. ఆ రోజు శశికళ వంటింట్లోకి పోయి ఒక్కతే నవ్వుకుంది.

ఇదీ సంగతి. ఇక మళ్లీ కమలమ్మ దగ్గరికి వద్దాం. ఆమె నడిమింట్లో పీట మీద కూర్చుంది. చాయ్ వద్దంది. మంచినీళ్లు తాగింది. యశోద మొగుడు లక్ష్మీనర్సయ్య ముందర దుకాణంలో ఉన్నాడు, ఆయన లోపలికి రాకుండా తలుపు దగ్గరగా వెయ్యమంది.

"గీ నెల ఎప్పుడస్తది నీకు?" అని కోడలిని అడిగింది.

"పెండ్లి రోజులల్లనే వస్తది అత్తమ్మా" అంది శశికళ.

ఆ మాట చెప్పడంలో ఆమెకు కొంచెం గర్వం కూడా ఉంది. ఆరేళ్లుగా ఎవరు ఈ ప్రశ్న అడిగినా "తెల్వది" అనే చెప్పింది. ఇప్పుడు తెలుసు.

కమలమ్మ నడుముకు దోపుకున్న వక్కల సంచి తీసింది. అందులోంచి గోలీల పట్టీ ఒకటి తీసి పీట పక్కన నేల మీద పెట్టింది.

"ఇయ్యాళ్లటి నుంచే మొదలుపెట్టు. పెండ్లి అయినంక మానెయ్యి. గీ ఒక్కసారి. నా తోడు."

శశికళ ఆ పట్టీ వైపు చూసింది, ముట్టుకోలేదు.

"ఎయ్య" అంది.

"ఏంది?"

"ఎయ్య అత్తమ్మా. పెండ్లికి వస్త. పని చేస్త. వస్తె దూరం కూసుంట."

"మూడు వందల మంది చూస్తుంటె ఇంటి కోడలు పెరట్ల చాప మీద కూసుంటదా? కుమ్మరింటి నుంచి అరివేణి కుండలు ఎవరు తేవాలె? పసుపు ఎవరు కొట్టాలె? మొగపిల్లగాని దిక్కోళ్లు ఏమంటరు?"

"ఆడోళ్లకు అయ్యేదే అయిందంటరు. ఇంకేమంటరు?"

కమలమ్మ ఈ జవాబు ఊహించలేదు. ఆరేళ్లలో ఈ పిల్ల ఎదురు చెప్పడం ఆమె వినలేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతబడ్డప్పుడు ఐదో తరగతితో చదువు ఆగిన పిల్ల, బడి తెరిచాక మళ్లీ పంపమని అడగడం కూడా రాని పిల్ల. పెళ్లిచూపుల్లో యశోద అదే గొప్పగా చెప్పింది, మా శశికళ నోట్ల నాలుక లేదు అని. కమలమ్మ ఆ నాలుక లేకపోవడం చూసే ఒప్పుకుంది.

"ఒళ్లు తగ్గింది, నోరు పెరిగింది" అంది.

"తిండి తింటున్న గద" అంది శశికళ.

యశోద బిడ్డ మోచెయ్యి పట్టుకుని లాగింది. "పెద్దమనిషితోని గట్ల మాట్లాడుతవా? ఊకో" అంది. వియ్యపురాలి వైపు తిరిగి, "వదినె, డాక్టరమ్మ మస్తు గట్టిగ చెప్పింది. ఆ గోలీలు మంచియి కావంట. మాకేం తెలుసు, మీ ఇంట్ల అలవాటు..." అని నసిగింది.

"మా ఇంట్ల అలవాటా?" కమలమ్మ నెమ్మదిగా అంది. "వదినె, నా మొఖం చూసి చెప్పు. మా ఇంట్ల అలవాటా?"

యశోద ఖాళీ నీళ్ల చెంబు తీసి పక్కకు జరిపింది.

"నీ బిడ్డకు చెప్పలేదా?"

"ఏం చెప్పాలె?" అంది శశికళ.

"నీ పెండ్లి సారెల పసుపు, కుంకుమ, చలిమిడి, చక్కెర చిలుకలు వచ్చినయి. ఆ అడుగున కాయిదంల చుట్టి గోలీలు వచ్చినయి. నాకేం ఎరుక అవేందో? మీ అమ్మనే నన్ను అర్రలకు పిలిచి చెప్పింది. వదినె, ఖమ్మంల నా తమ్మునికి మందుల దుకాణమున్నది, ఎప్పుడు గావాల్నంటె అప్పుడు పంపుత, పండుగకు పబ్బానికి ఇబ్బంది కాదు అన్నది. మురిసిపోయిన నేను. గిసుంటి తెలివి నాకెందుకు రాకపాయె అనుకున్న. నేను నలభై ఏండ్లు పెరట్ల చాప మీద కూసున్న మనిషిని."

శశికళ తల్లి వైపు తిరిగింది. పెళ్లికి ముందు తల్లి ఇచ్చిన గోలీలు ఆమెకు గుర్తున్నాయి. నొప్పులు రాకుండా అని చెప్పి ఇచ్చింది.

"అమ్మా?"

"ముహూర్తం తప్పితె మూఢమొచ్చేది" అంది యశోద. "మూఢం పోయేదాక ఆగాలె. అంతదాక మంచి సంబంధం ఆగుతదా? మీ బాపుకు నిద్ర లేదు. నేనేం చెయ్యాలె? నా తమ్ముని అడిగిన. గంతే."

"సారెల ఎందుకు పెట్టినవ్?"

యశోద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అత్తగారింట్ల నీకు మాట రావద్దని. ఆ పిల్లతోని ఇబ్బంది లేదు అనుకోవాలెనని."

శశికళకు కోపం వచ్చింది. ఇన్ని నెలలుగా ఆ కోపానికి మానుకోట అనే చిరునామా ఉండేది. ఇప్పుడు అది తాను పుట్టిన ఇంటి నడిమింట్లోనే తిరుగుతోంది. తల్లి మీద అరవాలనిపించింది. రొట్టెలు చేసిపెట్టి, చెంబు చేతికిచ్చి, బాగుచేసిన మనిషి కూడా ఈమే. దాంతో అరవలేకపోయింది.

"నీకు తెల్సి గుడ, డాక్టరమ్మ కాడ నా పక్కన కూసోని ఏం తెల్వనట్టు ఊకొట్టినవ్" అని మాత్రం అంది.

యశోద ఏడవడం మొదలుపెట్టింది. కమలమ్మ ఆమెను ఓదార్చలేదు. ఆమె ఓదార్పుకు రాలేదు.

"ఇగ విను శశీ" అంది. "తప్పెవరిదో లెక్కలు తర్వాత తీద్దాం. పెండ్లికి గోలీ ఏసుకోని వస్తివా, ఇంటి కోడలివి. రాకుంటివా, ఇంక ఎప్పటికి రాకు. మా రఘునాథ్‌కు నేనే చెప్పుకుంట."

ఇది ఉత్త బెదిరింపు కాదు. రఘునాథ్ తల్లి మాట దాటే మనిషి కాడు. శశికళకు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు. గోలీ వేసుకుంటే కష్టపడి దారికి తెచ్చుకున్న ఒళ్లు మళ్లీ మొదటికి వస్తుంది. వేసుకోకపోతే మొగుడి ఇల్లు పోతుంది. ఇలాంటప్పుడు పెద్దవాళ్లు "ఒక్కసారికి ఏం కాదు" అంటారు. శశికళ ఆరేళ్లపాటు ఆ ఒక్కసారిని నెలనెలా మింగింది.

ఆమె కిందికి వంగి పట్టీని చేతిలోకి తీసుకుంది. కమలమ్మ ఊపిరి పీల్చుకుంది. కానీ శశికళ దాన్ని వెనక్కి తిప్పి వెలుతురులో చూసింది. సగానికి పైగా గుంటలు ఖాళీగా ఉన్నాయి.

"ఇవి ఎవరు ఏసుకున్నరు అత్తమ్మా?"

కమలమ్మ చెయ్యి చాపింది. "ఇటియ్యి."

"మీకు ఆగిపోయి ఎన్నేండ్లాయె. ఇంట్ల ఇంకో ఆడమనిషి ప్రమీలనే. ప్రమీల పెండ్లి ఇంక రానే లేదు. ఇప్పుడు ఆపుడెందుకు?"

కమలమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. దుకాణంలో లక్ష్మీనర్సయ్య ఎవరితోనో బెల్లం ధర మాట్లాడుతున్నాడు.

"ఆపనీకి కాదు" అంది చివరికి. "తెప్పియ్యనీకి. మూడు నెల్లాయె, పిల్లకు రాలే. ఇవే గోలీలు నాలుగు దినాలు ఏసి మానేస్తె వస్తదని మందుల దుకాణమాయన చెప్పిండు. ఏసిన. రాలే."

యశోద ఏడుపు ఆపి తలెత్తింది.

"పిల్ల ఉబ్బింది" అంది కమలమ్మ. "మొఖం, చేతులు, అన్ని. పెండ్లి జాకెట్లు ఎక్కుతలేవు. నువ్వెట్లున్నవో అట్లనే అయింది. లేకుంటె... ఇంకేమన్ననా? నాకు తెలుస్తలేదు శశీ."

"అడుగలేదా?"

"అడుగనీకి నోరు వస్తలేదు. కాదంటె పిల్లను అనుమానించిన పాపం. అవునంటె నేనేడ సావాలె? మీ మామకు తెల్వదు, రఘునాథ్‌కు తెల్వదు." కమలమ్మ గొంతు అప్పుడు మారింది. "ఆ డాక్టరమ్మ నీకు ఎరుక. నువ్వడుగు. నువ్వు తోల్కపో."

అయితే కోడలి కోసం రాలేదన్నమాట. ఇంతసేపు చేసిన పెత్తనమంతా ఈ ఒక్క మాట గొంతు దాటలేక చేసిందే. శశికళకు జాలి వేసింది, జాలి వేసినందుకు చిరాకూ వేసింది.

"ప్రమీల యాడున్నది?"

"స్టేషన్ల. బెంచీ మీద కూసోవెట్టి వచ్చిన."

యశోద గుండె మీద చెయ్యి వేసుకుంది. లగ్నపత్రిక రాసుకున్నాక పెళ్లికూతురు ఊరి పొలిమేర దాటదు. కమలమ్మ లాంటి మనిషి ఆ పొలిమేర దాటించి, వియ్యపురాలి ఊళ్లో ఎవరి కంటా పడకుండా బిడ్డను స్టేషన్లో దాచి వచ్చిందంటే ఆమె భయం ఎంతటిదో అర్థం చేసుకోవచ్చు.

శశికళ చీర మార్చుకుంది. తల్లితో ఏమీ మాట్లాడలేదు. వాకిట్లోకి వచ్చాక మాత్రం వెనక్కి తిరిగి, "పొయ్యి మీద పప్పు మాడుతది, చూసుకో" అంది. యశోదకు అదే పదివేలు అనిపించింది.

స్టేషన్లో శశికళ ముందు టికెట్ల కిటికీ దగ్గరికి పోయింది. మానుకోట టికెట్లు కాకుండా వరంగల్ టికెట్లు అడిగింది. కమలమ్మ విన్నది, వద్దనలేదు.

ప్లాట్‌ఫారం చివర నీళ్ల ట్యాంకు పక్కన సిమెంటు బెంచీ మీద ప్రమీల కొంగు తల మీదుగా కప్పుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ల పిల్ల, ఇంటర్ చదివింది, ఒకప్పుడు మెట్లు రెండేసి దూకేది. ఇప్పుడు మొహం గుండ్రంగా ఉబ్బి, పెదాలు పాలిపోయి ఉన్నాయి. శశికళ ఆ మొహాన్ని గుర్తుపట్టింది. అది తన పాత మొహం.

"మంచిగైనవ్ వదినె" అంది ప్రమీల, ఆమెను చూసి నిజంగా సంతోషపడి.

శశికళ పక్కన కూర్చుంది. కమలమ్మ కొంచెం దూరంలో నిలబడి పట్టాల వైపు చూస్తోంది.

"ప్రమీలా, ఒక మాట అడుగుత. కోపం చెయ్యకు."

"అమ్మ అడుగుమన్నదా?"

శశికళ అవునంది.

"అయితె అమ్మనే అడుగుమను. అన్ని ఆమెనే ఇచ్చింది గద, అడుగుడు గుడ ఆమెనే అడుగుమను."

కమలమ్మకు ఆ మాటలు వినపడ్డాయి. ఆమె దగ్గరికి వచ్చింది. తర్వాత చాలా చిన్న గొంతుతో, "ఎవరన్న ఉన్నరా బిడ్డా?" అంది.

ప్రమీల తల్లిని చూసింది. మొదట నవ్వు వచ్చింది ఆ పిల్లకు, తర్వాత కళ్లు నిండాయి.

"ఎవరుంటరమ్మా? పొద్దుగాల లేస్తె పొయ్యికాడ. మాపు దాక పొయ్యికాడ్నే. బండ్లు దిగినోళ్లకు వండుడు, వడ్డించుడు. నా దగ్గరికి ఎవరొస్తరు? గోలీలే ఉన్నయి. గంతే."

"నేనిచ్చింది పోయిన నెల నాలుగు దినాలే గద!"

"నువ్విచ్చినయి నాలుగు దినాలయి. నేను తీసుకున్నయి? వదినె పోయినంక మడి వంట ఎవరు చేసిన్రమ్మా? ఒక్క దినమన్న దూరం కూసున్ననా? నువ్వే చెప్పినవ్ అందరికి, మా పిల్ల ఉంటె వంట ఆగదు అని. ఎట్ల ఆగలేదో నువ్వు అడుగలే. దేవుని అర్రల డబ్బాల ఉంటయి గద, దినాం ఒకటి తీసుకున్న. మానేస్తె వస్తది, వస్తె వంట ఆగుతది. గందుకే మానలేదు. పోయిన వారం డబ్బా అయిపోయింది."

కమలమ్మ బెంచీ చివర పట్టుకుంది. భయపడ్డది కాలేదు. ఒక తల్లి సంతోషపడవలసిన వార్త అది. ఆమె మొహంలో సంతోషం ఎక్కడా లేదు.

శశికళకు సిగ్గేసింది. తాను లేచి వచ్చిన పొయ్యి ముందు ఎవరు కూర్చున్నారో ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆమెకు తట్టలేదు. తాను ఇక్కడ గేటు దాకా నడుస్తుంటే అక్కడ ఈ పిల్ల డబ్బా మూత తీస్తోంది. ప్రమీల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది.

"పోయిన వారం నుంచి ఏసుకుంటలేవా?" అని అడిగింది.

"లేదు. పొద్దటి నుంచి నడుము గుంజుతున్నది వదినె. రైల్ల మస్తు నొచ్చింది. అమ్మకు చెప్పలే."

డోర్నకల్ వైపు నుంచి రైలు కూత వినపడింది. పోర్టరు గంట కొట్టాడు. శశికళ లేచి, "పా, డాక్టరమ్మ మంచిది, ఏమనది. అన్ని చెప్పుదువు" అంటూ చెయ్యి అందించింది.

ప్రమీల లేచింది. రెండు అడుగులు వేసి ఆగిపోయింది. కళ్లు తిరిగినట్టు శశికళ భుజం మీద బరువంతా వేసింది. వెనక సిమెంటు బెంచీ మీద, ఆ పిల్ల కూర్చున్న చోట, నెత్తురు. చీర కుచ్చిళ్ల దాకా దిగింది. నెలసరికి వచ్చేది కాదది. మూడు నెలలు ఆపి ఉంచినదంతా ఒక్కసారి దారి చేసుకున్నట్టు పోతోంది.

"అత్తమ్మా, అటు దిక్కు పట్టుకోండ్రి!" శశికళ అరిచింది.

కమలమ్మ చప్పున చెయ్యి చాపింది. నెత్తురు కనపడగానే ఆ చెయ్యి ఆగింది. ఆమె ఆపలేదు, దానంతట అదే ఆగింది. నలభై ఏళ్ల అలవాటది. ప్రమీల ఆ చెయ్యిని చూసింది.

"నువ్వు ముట్టకమ్మా" అంది, ఊపిరి అందక మెల్లగా. "మళ్ల తానం చెయ్యాలె."

రైలు వచ్చి ఆగింది. గార్లలో అది ఎక్కువసేపు ఆగదు. ఒక పక్క శశికళ పట్టుకుంది, రెండో పక్క ఎవరూ లేరు. కమలమ్మ చెయ్యి గాల్లో అలాగే ఉంది, ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. గార్డు ఈల వేశాడు.